కొట్టేసిన మాట కింద చుక్కలు

తనకు ఊపిరి పీల్చడం రాదని రోజాకు ఇరవై తొమ్మిదేళ్లు వచ్చాక తెలిసింది. చెప్పింది విజయశ్రీ మేడమ్. నారాయణగూడలో ఒక హోటల్ పైఅంతస్తులోని చల్లటి హాల్లో ముప్పై మంది ఉద్యోగుల ముందు రోజాను నిలబెట్టి, "చూడండి, ఈ అమ్మాయి భుజాలతో పీలుస్తోంది. అందుకే మాట తడబడుతోంది" అంది ఆవిడ. ముప్పై మందీ రోజా భుజాల వంక చూశారు. మక్తల్ దగ్గర పల్లెలో పుట్టిన నాటి నుంచి ఆ భుజాలతోనే ఎలా నెట్టుకొచ్చిందో పాపం.

ఒత్తిడిని ఎలా తట్టుకోవాలి, ఆఫీసులో నలుగురి కళ్లల్లో ఎలా పడాలి అని ఒక్కరోజులో నేర్పే శిక్షణ అది. పంపినవాడు కరుణాకర్, ఆమె పనిచేసే సంస్థ యజమాని. అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల మధ్య, ఒక జిరాక్స్ షాపు పైన ఉంటుంది ఆ సంస్థ. గ్రూప్స్ రాసే పిల్లల కోసం మాదిరి ప్రశ్నపత్రాలు తయారుచేసి, అచ్చువేయించి, ఆదివారాలు పరీక్ష పెట్టడం దాని పని. రోజా కూడా ఒకప్పుడు ఆ పిల్లల్లో ఒకతే. హాస్టల్ గదిని ముగ్గురితో పంచుకుని, గ్రూప్-2 రెండుసార్లు రాసి, రెండుసార్లూ కొద్దిలో పోగొట్టుకుని, చివరికి ఆ ప్రశ్నలు తయారుచేసే పనిలోనే కుదురుకుంది. ఆరేళ్లయింది. పనికి వంక పెట్టడానికి లేదు. అయితే మీటింగులో ఎవరు గొంతు పెంచినా, తప్పు తనదైనా కాకపోయినా, అడిగేది పూర్తిగా వినకుండానే "సారీ సార్" అనేసేది.

"మీరు పని బాగా చేస్తారు రోజా. కానీ గదిలో ఉన్నట్టే తెలియదు" అన్నాడు కరుణాకర్. "ఈ నెలాఖరులో టీమ్ లీడ్ ఎవరో చెప్పాలి. మీ పేరే అనుకుంటున్నా. ముందు ఆ సారీలు తగ్గించుకోండి."

విజయశ్రీ మేడమ్ ఆ రోగానికి మందు చెప్పింది. నాలుగంకెలు లెక్కపెడుతూ పీల్చి, నాలుగంకెలు బిగబట్టి, నాలుగంకెలు వదలాలట. ఇంకొకటి కూడా చెప్పింది. "ఎవరైనా నిలదీస్తే సంజాయిషీలకు దిగకండి. తెలిసిన వాస్తవం ఒక్కటి చెప్పి ఆగిపోండి. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దాన్ని ఎదుటివాళ్లకు వదిలేయండి." రోజా ఆ మాట పుస్తకంలో రాసుకుని కింద రెండు గీతలు గీసుకుంది. మేడమ్‌ను తప్పుపట్టే పని లేదు. ఆవిడ చెప్పింది మంచి మాటే. విన్నవాళ్లు దాన్ని ఎక్కడ వాడతారో ఆవిడకేం తెలుసు?

ఇక్కడ కనకయ్య గురించి చెప్పాలి. ఆ ఆఫీసుకు ప్రూఫులు దిద్దేది ఆయనే. అరవై ఐదేళ్లుంటాయి. ముషీరాబాద్‌లో ఒక ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చే పనికి చేరి, ఆ అక్షరాలు మూలపడి కంప్యూటర్లు వచ్చాక ప్రూఫ్‌రీడర్‌గా మారినవాడు. చేతిసంచిలో ఎర్రపెన్ను, స్కేలు పెట్టుకుని దోమలగూడ నుంచి నడిచి వస్తాడు. స్కేలు లైను కింద ఆనించి, పెదాలు కదుపుతూ, ఒక్కో మాటా చదువుతాడు. చేరిన కొత్తలో రోజా రాసిన ప్రశ్నల్లో దీర్ఘాలు ఎక్కడ పడితే అక్కడ ఉండేవి. ఇంకొకరైతే కరుణాకర్‌కు చెప్పి నవ్వుకునేవారు. కనకయ్య ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని అక్షరం నేర్పాడు, ప్రూఫు గుర్తులు నేర్పాడు.

"కొట్టేసిన మాట కింద చుక్కలు వెట్టిన్నంటే, తీసెయ్యకు, ఉండనీ అని. చెయ్యి తొందరపడ్డది గని దిమాక్ ఆపింది అన్నట్టు. సమజైందా బిడ్డా?"

"సమజైంది కాకా."

మధ్యాహ్నం ఆయన డబ్బా విప్పితే భార్య దుర్గమ్మ చేసిన జొన్నరొట్టెలు మూడుండేవి. మూడోది రోజాది. అది వాళ్లెవరూ మాట్లాడుకుని పెట్టుకున్న ఏర్పాటు కాదు, అలా అలవాటైపోయింది.

శిక్షణ అయిన తర్వాతి శుక్రవారం. ఆదివారం జరగబోయే పెద్ద పరీక్షకు నాలుగువేల మంది పేర్లిచ్చారు. కనకయ్య ఆఖరి ప్రూఫు దిద్ది ఇచ్చి వెళ్లాడు. దిద్దుబాట్లు కంప్యూటర్లో ఎక్కించే ఆపరేటర్ జ్వరమని రాలేదు కాబట్టి రోజాయే కూర్చుంది. ఐదింటికల్లా ఫైలు పంపాలని ప్రెస్సువాళ్ల ఫోను. అదే ఐదింటికి కొత్త ప్రశ్నపత్రాల గురించి కరుణాకర్ ముందు ఆమె మాట్లాడాలి. కళ్లు ప్రూఫు మీదున్నాయి. మనసంతా తాను చెప్పబోయే మొదటి వాక్యం మీద ఉంది. ఎనభై ఏడో ప్రశ్న వచ్చింది: కింది వాటిలో కృష్ణా నదికి ఉపనది కానిది ఏది? భీమా, తుంగభద్ర, మూసీ, మంజీర. 'కానిది' మీద ఎర్రగీత ఉంది. రోజా ఆ మాట తీసేసి, పేజీ తిప్పి, భుజాలు దించి నాలుగంకెలు లెక్కపెట్టింది.

ఆదివారం మధ్యాహ్నానికి ఫోన్లు మొదలయ్యాయి. "ఉపనది ఏదంటే మూడున్నయి గద మేడమ్, ఏది వెట్టాలె?" అని ఒకరు, "జవాబు మంజీర అని ఇచ్చిన్రు, మంజీర గోదావరిల గద కలిసేది?" అని ఇంకొకరు. విద్యార్థుల గ్రూపుల్లో ఆ ప్రశ్న ఫొటో తిరిగింది. మంజీరను కృష్ణకు మళ్లించిన మహానుభావులకు దండలు వేద్దామని ఎవరో రాశారు. సంస్థ పరువు సాయంత్రానికి చిక్కడపల్లి చౌరస్తా దాటిపోయింది.

రోజా బీరువా తెరిచి ప్రూఫు తీసింది. తొమ్మిదో పేజీ. ఎర్రగీత ఉంది. గీత కింద, ఆవగింజలంత చుక్కలు మూడు. చెయ్యి తొందరపడింది, దిమాక్ ఆపింది.

సోమవారం పొద్దున కరుణాకర్ అందరినీ పిలిచాడు. "ఎవరు చేశారిది?"

పాత రోజా అయితే ఆ ప్రశ్న సగంలో ఉండగానే సారీ చెప్పేసేది. ఈసారి ఆ సారీ నిజమయ్యేది కూడా. కొత్త రోజా నాలుగంకెలు పీల్చింది, బిగబట్టింది, వదిలింది. తొమ్మిదో పేజీని టేబుల్ మీద పెట్టింది.

"ఆఖరి ప్రూఫులో ఆ మాట కొట్టేసి ఉంది సార్. గీత కనకయ్య గారిది" అని ఆగిపోయింది.

కరుణాకర్ పేజీ చూశాడు. ఆయన రాజనీతిశాస్త్రం చెప్పినవాడు, ప్రూఫు గుర్తులతో ఆయనకేం పని? ఎర్రగీత చూశాడు, చేతిరాత పోల్చుకున్నాడు. ఆ చుక్కలు ఆయనకు పెన్ను విదిలించిన మరకల్లా కనిపించి ఉంటాయి. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దాన్ని రోజా వాళ్లకే వదిలేసింది. ఆమె చెప్పినదాంట్లో వెతికినా ఒక్క అబద్ధం దొరకదు. అబద్ధమే అయ్యుంటే కనీసం నాలుక తడబడేది.

"పెద్దాయనకు చూపు మందగించింది. నేను ఎప్పటినుంచో అనుకుంటున్నా" అన్నాడు కరుణాకర్. ప్రూఫ్‌రీడర్ పొరపాటు వల్ల తప్పు దొర్లిందని, ఆయనను మార్చేశామని ఆ పూటే విద్యార్థుల గ్రూపులో పెట్టించాడు. బయటికి వెళ్తూ రోజా దగ్గర ఆగి, "ఇవాళ మాట్లాడారు చూడండి, నేను అడిగింది అదే" అన్నాడు.

రోజా ఆ పేజీని బ్యాగులో పెట్టుకుంది. చింపేద్దామనుకుంది. చెయ్యి రాలేదు.

మరునాడు కనకయ్య వచ్చాడు. కరుణాకర్ గదిలో రెండు నిమిషాలుండి బయటికి వచ్చి, ఎప్పుడూ కూర్చునే కుర్చీ దగ్గర కూర్చోకుండా నిలబడ్డాడు.

"'కానిది' కొట్టేసిన్నట గద బిడ్డా?"

రోజా ఊపిరి లెక్కపెట్టుకుంది. "పేజీల కొట్టివేత ఉంది కాకా."

"ఉంటది, ఉంటది. సార్ ఉత్తగ ఎందుకంటడు?" ఆయన ఆ పేజీ చూపించమని అడగలేదు. ఆమె మాట మీద అంత నమ్మకం. అడిగి ఉంటే చూపించేదాన్నా అని రోజా తర్వాత తనను తాను చాలాసార్లు అడుక్కుంది. అడిగిన ప్రతిసారీ జవాబు తెలుసు.

"నా మూలంగ నిన్నేమన్న అన్నరా?"

"లేదు కాకా."

"గదే చాలు" అని సంచి భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు.

తర్వాతి వారమంతా రోజా ఆఫీసులో మెరిసిపోయింది. గొంతు నిలకడగా ఉంది, భుజాలు కదలడం లేదు. ప్రెస్సువాళ్లు కూడా ఆమెతో ఆచితూచి మాట్లాడారు. వచ్చే సోమవారం టీమ్ లీడ్ పేరు చెబుతారని అందరికీ తెలుసు, ఎవరి పేరో కూడా తెలుసు. ఆమెకు మాత్రం అన్నం సయించడం లేదు. ఊపిరి బిగబట్టిన ఆ నాలుగంకెల్లో మూడు చుక్కలు కనబడేవి. ఎలాగూ ఆయనకు వయసైపోయింది, ఇవాళ కాకపోతే రేపైనా మానేయాల్సిందే అని సర్దిచెప్పుకుంది. అలా సర్దిచెప్పుకున్న ప్రతిసారీ తన మీద తనకే అసహ్యం పుట్టుకొచ్చింది.

గురువారం పొద్దున ఆఫీసుకు వస్తుంటే చిక్కడపల్లి మార్కెట్టులో దుర్గమ్మ కనిపించింది. గోంగూర కట్టలు ఏరుతోంది. రోజా పక్కసందులోకి తప్పుకోబోయింది గానీ, అప్పటికే చూసేసింది ఆవిడ.

"ఏం రోజా, కాకా వస్తలేడని రొట్టె తినుడే బంద్ వెట్టినవా? చిక్కిపోయినవ్!"

"కాకా ఎట్లున్నడు పెద్దమ్మా?"

దుర్గమ్మ చేతిలోని కట్ట కింద పెట్టేసింది. "ఏం చెప్పాలె బిడ్డా. ముషీరాబాద్ ప్రెస్సోళ్లు ఇంటికి ప్రూఫులు పంపుతుండె గద, వాళ్లకు ఫోన్ చేసి, నాకు ఇగ పని పంపకున్రి అన్నడు. నాలుగు వేలమంది పోరగాండ్లను ఆగం జేసిన అంటడు. కండ్లు వోయినయేమోనని దవఖానకు తీస్కవోయిన. డాక్టర్ అన్ని తీర్ల చూసి, కండ్లు మంచిగున్నయి, అద్దాలు గూడ మార్చే పని లేదన్నడు."

"మంచిదే గద పెద్దమ్మా?"

"నేను గూడ గట్లనే అనుకున్న. గప్పటిసంది ఇంకా పరేషాన్ అయిండు. కండ్లు మంచిగుండి గూడ తప్పు వడ్డదంటే దిమాక్ వోతున్నట్టే అంటడు. వాళ్ల నాయనకు గట్లనే అయిండెనట, ఆఖర్ల కన్నకొడుకును గుర్తువట్టలేదట. ఇప్పుడు పేపర్ ముట్టుకుంటలేడు. నాతోని సదివిస్తుండు. నాకేమో అచ్చరాలు కూడవెట్టుకుంట సదువుడే వస్తది. గంటకు ఒక్క ముక్క అయితది."

ఆవిడ నవ్వింది. ఆ నవ్వును తట్టుకునే ఊపిరి ఎవరూ నేర్పలేదు. రోజా వెళ్లొస్తానని కూడా చెప్పకుండా అశోక్‌నగర్ వైపు నడిచింది.

కరుణాకర్ గదిలో ఆమె కూర్చోలేదు. తొమ్మిదో పేజీని ఆయన ముందు పెట్టి, ఏ అంకెలూ లెక్కపెట్టకుండా, భుజాలతోనే పీలుస్తూ చెప్పేసింది. "ఈ చుక్కలు చూడున్రి సార్. చుక్కలుంటే ఆ మాట తీసెయ్యొద్దని అర్థం. కనకయ్య గారు సరిగనే దిద్దిండు. నేనే చూసుకోకుంట తీసేసిన. ఆదివారమే తెలిసింది నాకు. తెలిసీ మీకు చెప్పలే."

కరుణాకర్ పేజీ వంక చూసి, తలుపు వేసి ఉందో లేదో చూశాడు. "ఇప్పుడెందుకిది? విషయం సద్దుమణిగింది. ఎమోషనల్ అవ్వకండి రోజా. సోమవారం మీ పేరు చెప్పబోతున్నాను."

"నా పేరు చెప్పకున్రి సార్. ఆయనను మళ్ల పిలువున్రి."

"ప్రూఫ్‌రీడర్‌ను తీసేశామని నాలుగువేల మందికి చెప్పాం. ఇప్పుడేమో తప్పు ఆయనది కాదు, మా టీమ్ లీడ్‌ది అని చెప్పమంటారా? నేను చెప్పను. మీరు కూడా ఎక్కడా అనకండి."

ఆమె బయటికి వచ్చి తన సీట్లో కూర్చుంది. విద్యార్థుల గ్రూపులో రాసే అధికారం ఆమె ఫోనుకు ఉంది. "ఎనభై ఏడో ప్రశ్నలో తప్పు నేను చేశాను. ప్రూఫ్‌రీడర్ కనకయ్య గారు సరిగ్గానే దిద్దారు. ఆ సంగతి తెలిసి కూడా దాచాను. రోజా" అని రాసి పంపింది. పది నిమిషాల్లో ఆ సందేశం మాయమైంది. ఆమెను గ్రూపు నుంచి తీసేశారు. ఆలోపు చూసినవాళ్లు చూశారు. టీమ్ లీడ్ మాట దేవుడెరుగు, సోమవారం తన కుర్చీ ఉంటుందో లేదో కూడా తెలియకుండానే రోజా బ్యాగు తీసుకుని దోమలగూడ దారి పట్టింది.

తలుపు తీసింది దుర్గమ్మే. "పొద్దున గట్ల పోయినవేంది?" అంటూ లోపలికి పిలిచింది. కిటికీ దగ్గర కుర్చీలో కనకయ్య ఉన్నాడు. ఒళ్లో ఏమీ లేదు. చేతులు ఖాళీగా ఉన్న కనకయ్యను రోజా ఎప్పుడూ చూడలేదు.

"రా బిడ్డా, రా" అన్నాడు. రోజా పేజీ తీసి ఆయన ఒళ్లో పెట్టింది. ఆయన చేతులు వెనక్కి తీసుకున్నాడు. "నాకెందుకు? మీ పెద్దమ్మకియ్యి, సదువుతది."

"నువ్వే చూడాలె కాకా. ఎనభై ఏడు."

ఆయన అద్దాలు పెట్టుకున్నాడు. వేలు లైను కింద పెట్టి, పెదాలు కదుపుతూ, భయంభయంగా చదివాడు. కానిది దగ్గర వేలు ఆగింది. పేజీని వెలుతురుకు ఎత్తిపట్టుకున్నాడు.

"చుక్కలు వెట్టిన" అన్నాడు మెల్లగా. తర్వాత గట్టిగా, "దుర్గా! నేను చుక్కలు వెట్టిన!"

"ఏం చుక్కలు?"

"నీకు సమజ్ గాదు గని, దిమాక్ మంచిగనే ఉన్నదన్నట్టు! చెయ్యి తప్పింది గని దిమాక్ తప్పలే!" ఆయన నవ్వుతున్నాడు, కళ్లు తుడుచుకుంటున్నాడు. దుర్గమ్మ ఏమీ అర్థంకాకపోయినా ఆయన్ను చూసి నవ్వింది. రోజాకు అక్కడినుంచి పారిపోవాలనిపించింది. కోప్పడతాడని గుండె చిక్కబట్టుకుని వచ్చింది గానీ, ఇంత సంతోషాన్ని చూడాల్సి వస్తుందనుకోలేదు.

"యాడ దొరికింది బిడ్డా గిది? ప్రెస్సుల వడిపోయిండెనా?"

అవునంటే సరిపోయేది. తప్పించుకునే దారి ఆయనే ఆమెకు చూపించాడు.

"ప్రెస్సుల గాదు కాకా. నా బ్యాగుల ఉండె. ఆ మాట తీసేసింది నేనే. చుక్కలు చూడలే. పరీక్ష నాడు సాయంత్రం చూసిన. సార్ అడిగితే గీత నీదన్న. చుక్కల మాట చెప్పలే."

దుర్గమ్మ నవ్వు ఆగిపోయింది. "పరీక్ష నాడంటే, ఎన్ని దినాలాయె?"

"పదకొండు."

"పదకొండు దినాలు నీ కాడనే ఉన్నదా?" ఆవిడ గొంతు పెంచలేదు. మొగుడి దగ్గరికి వెళ్లి, అంగీ జేబులోంచి చిన్న చీటీ ఒకటి తీసి రోజా చేతిలో పెట్టింది. గుండ్రటి, తీరైన అక్షరాలతో, ఒక్క తప్పు లేకుండా, దోమలగూడ ఇంటి చిరునామా రాసి ఉంది. దాని కింద భార్య, దుర్గమ్మ అని ఉంది. "తొవ్వ మర్చిపోతనేమోనని రాసుకున్నడు. నా పేరు గూడ రాసుకున్నడు."

కనకయ్య పేజీని నాలుగు మడతలు పెట్టాడు. అంచులు సరిచూసుకుని, అదే జేబులో పెట్టుకున్నాడు. ఆయన తిడితే బాగుండునని రోజా నిలబడి ఎదురుచూసింది.

"గీ కాయితం నా కాడ ఉంటది" అన్నాడు చివరికి. "మీకు ఆఫీసు యాళ్ల అయితుండొచ్చు. మీరు పోయి రాండ్రి."

ఆరేళ్లలో కనకయ్య రోజాను మీరు అనడం అదే మొదటిసారి.